వదిన చదివిన మెట్రో

ఢిల్లీ వెళ్ళొచ్చినవాళ్ళు ఎర్రకోట గురించి రాస్తారు. కుతుబ్ మీనార్ గురించి రాస్తారు. చలి గురించీ, చోలే భటూరే గురించీ కూడా రాస్తారు. రోజూ లక్షలమంది ఎక్కే మెట్రో రైలుని మాత్రం "అబ్బ, అద్దంలా ఉందండీ!" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అద్దంలా ఉన్నదాంట్లో మన మొహం తప్ప ఇంకేం కనిపిస్తుందిలే అని కాబోలు!

నాకు మాత్రం ఆ మెట్రోని ఒక పుస్తకాన్ని సమీక్షించినట్టు సమీక్షించాలని ఉంది. నవ్వకండి. మామూలు రైలెక్కాలంటే చదువుతో పనిలేదు. కూలీని అడుగుతాం, టీ అమ్మే కుర్రాణ్ణి అడుగుతాం, ఎదురు సీటావిణ్ణి అడుగుతాం. ఆవిడ దిగాల్సిన స్టేషనుతోబాటు కూతురికొచ్చిన పెళ్ళి సంబంధాలు కూడా చెప్పేస్తుంది. మెట్రోలో అలా కాదు. ఎవర్నీ అడగనవసరం లేకుండా అన్నీ గోడలమీదా, నేలమీదా, తలుపులపైనా రాసిపెట్టారు. రాయలేనివి గొంతుతో చెప్పించారు. ఇంత రాశాక అది రచన కాక మరేమిటి? రచన అన్నాక బాగోగులు చెప్పే హక్కు చదివేవాళ్ళకి ఉండనే ఉంది.

అయితే ఎవరా చదివేవాళ్ళు? రోజూ ఎక్కేవాళ్ళు చదవరు. రోజూ గడగడా అప్పజెప్పే స్తోత్రంలో అర్థం ఎవరు చూస్తారు గనక! వాళ్ళ కళ్ళు ఫోనులో ఉంటాయి, కాళ్ళు వాటంతట అవే వెళ్ళిపోతాయి. అక్షరం అక్షరం కూడబలుక్కుని, భయపడుతూ, తప్పు చదివి, మళ్ళీ వెనక్కొచ్చి చదివేది కొత్తగా వచ్చినవాళ్ళే. అందుకని మెట్రోకి అసలైన విమర్శకురాలు మొదటిసారి ఎక్కిన మనిషే అని నా అభిప్రాయం. నాకు తెలిసినంతలో ఆ విమర్శకురాలు మా వదిన.

2022 డిసెంబరులో నేనూ మా వదినా ద్వారకలో ఉంటున్న మా చెల్లెలింటికి వెళ్ళాం. మా అన్నయ్య పోయి అప్పటికి ఏడాది దాటింది. వదినకి అరవై నాలుగేళ్ళు. బాపట్ల దాటి ఆవిడ తిరగని మనిషేం కాదు. కాశీ చూసింది, రామేశ్వరం చూసింది, తిరుపతికైతే లెక్కేలేదు. కానీ ఏ ప్రయాణంలోనూ టిక్కెట్టు ఆవిడ చేతిలో లేదు. అది ఎప్పుడూ అన్నయ్య చొక్కా జేబులో ఉండేది. ఎక్కమంటే ఎక్కేది, దిగమంటే దిగేది. ఊరు దాటితే తనకి దిక్కులు తెలియవని నవ్వుతూ చెప్పుకునేది, మనలో చాలామందిమి చెప్పుకున్నట్టే.

ఆ రోజు సరోజినీ నగర్ బజారుకి వెళ్దామనుకున్నాం. చెల్లెలికి ఆఫీసు. దాని కూతురు కాగితం మీద దారి రాసిచ్చింది. ద్వారక సెక్టార్ 10లో నోయిడా వైపు వెళ్ళే నీలం లైను ఎక్కాలి. రాజౌరీ గార్డెన్‌లో దిగి గులాబీ లైనుకి మారాలి. సరోజినీ నగర్‌లో దిగాలి.

"ఇంతేనా?" అంది వదిన అనుమానంగా.

"ఇంతే అత్తయ్యా. చదువుకుంటూ వెళ్ళిపోవడమే."

అప్పటికింకా గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ళలిచ్చేవారు. వాటి బదులు గళ్ళముద్ర ఉన్న కాగితాలు రావడం 2023లో మొదలైంది. నేను బిళ్ళలు రెండూ పర్సులో వేసుకోబోతుంటే వదిన చెయ్యి చాపింది. "నాది నాకియ్యవే" అంది. ఇచ్చాను. గేటు దగ్గర తాకించి లోపలికి వెళ్ళగానే దాన్ని భద్రంగా కొంగు చివర ముడేసుకుంది. ఆ ముడి సంగతి తర్వాత చెబుతాను.

లోపలికి వెళ్ళాక మొదట కనబడేది పటం. పుస్తకానికి పీఠికలాంటిదన్నమాట. ఈ రకం పటానికి ఆద్యుడు లండన్‌లో హ్యారీ బెక్ అనే ఆయన. కరెంటు తీగల నమూనాలు గీసే ఉద్యోగం ఆయనది. వంకరటింకరగా పోయే రైలు దారులన్నిటినీ నిలువుగీతలు, అడ్డగీతలు, ఏటవాలు గీతలుగా సాపు చేసి గీశాడు. స్టేషన్ల మధ్య అసలు దూరాలతో నిమిత్తం పెట్టుకోలేదు. అధికారులు మొదట ఇదేం పటమని తిప్పి పంపించేశారు. 1933లో అచ్చువేసి పంచితే జనం ఎగబడి తీసుకున్నారు. ఇప్పుడు ప్రపంచంలో చాలా మెట్రో పటాలకి ఆయన పోలికే. మగవాళ్ళు దీన్నో మహా ఆవిష్కరణగా చెప్పుకుంటారు. వదిన మాత్రం అద్దాల జోడు సవరించుకుని ఒక్క క్షణం చూసి, "చుక్కల ముగ్గేనటే ఇది!" అంది. ద్వారక సెక్టార్ 10 దగ్గర వేలు పెట్టి చుక్కలు లెక్కబెట్టి, "పదిహేనో చుక్క దగ్గర రంగు మారాలి" అని తేల్చేసింది.

పీఠిక బాగుంది. మొదటి అధ్యాయమే కొంచెం ఇబ్బంది పెట్టింది. మా కాగితం మీద 'నోయిడా వైపు' అని ఉంది. వచ్చిన రైలు మీద 'వైశాలి' అని ఉంది. మేం ఒకరి మొహం ఒకరు చూసుకునేలోగా తలుపులు మూసుకుని అది కాస్తా వెళ్ళిపోయింది. తర్వాత తెలిసింది, ఆ నీలం లైను యమునా బ్యాంక్ దగ్గర రెండు పాయలవుతుందనీ, మాకు కావలసిన స్టేషను అంతకు ఎంతో ముందే వస్తుందనీ, ఏది ఎక్కినా ఒకటేననీ. పటం సరిగా చూడకపోవడం మా తప్పే, ఒప్పుకుంటాను. కానీ లండన్ నుంచి హైదరాబాదు దాకా మెట్రోలన్నీ ఇదే పద్ధతిలో దారి చెబుతాయి. మీరెక్కడికి వెళ్ళాలో చెప్పవు, రైలు ఎక్కడ ఆగిపోతుందో చెబుతాయి. మొదటి పేజీ తెరిచిన మనిషికి కథ ముగింపు తెలిసుండాలంటే ఎలా? పైగా ఆ ముగింపులు స్థిరంగా ఉంటాయా అంటే అదీ లేదు. లైను పెరిగినప్పుడల్లా చివరి ఊరు మారుతుంది. ఒక్కోసారి ఊరు మారకుండానే పేరు మారుతుంది. పసుపు లైను దక్షిణపు కొస ఎన్నో ఏళ్ళు హుడా సిటీ సెంటర్. 2023లో అది మిలీనియం సిటీ సెంటర్ గురుగ్రామ్ అయింది. అంతకుముందు వచ్చి వెళ్ళిన బాబాయి చెప్పిన దారిని నమ్ముకుని బయల్దేరితే గోవిందా!

రెండో రైలెక్కాం. మొదటి పెట్టె ఆడవాళ్ళది. 2010 నుంచి అలా కేటాయించారు. కాలేజీ పిల్ల ఒకర్తి లేచి వదినకి సీటిచ్చింది. కూచున్నాక వదిన చెవులు రిక్కించింది. వచ్చే స్టేషను పేరూ, తలుపులు ఏవైపు తెరుచుకుంటాయో ముందు మగగొంతు హిందీలో, తర్వాత ఆడగొంతు ఇంగ్లీషులో చెబుతున్నాయి. "ఈ గొంతు నాకు తెలుసే" అంది. నిజమే! ఆ హిందీ గొంతు షమ్మీ నారంగ్‌ది, ఇంగ్లీషు గొంతు రినీ సైమన్ ఖన్నాది. ఇద్దరూ దూరదర్శన్‌లో వార్తలు చదివినవాళ్ళు. ఆ రోజుల్లో వంటింట్లోంచి వార్తలు విన్న తరం మాది. తెలియని ఊళ్ళో, తెలియని రైల్లో తెలిసిన గొంతు వినబడితే ఎంత ధైర్యం!

గొంతుల మాట వచ్చింది గనక మరొక సంగతి. మాస్కో మెట్రోలో ఊరి నడిబొడ్డు వైపు వెళ్ళే రైల్లో మగగొంతూ, నడిబొడ్డు నుంచి బయటికి వచ్చే రైల్లో ఆడగొంతూ వినిపిస్తాయి. కళ్ళు లేనివాళ్ళు కూడా ఎటు వెళ్తున్నారో గొంతుని బట్టి పోల్చుకోవచ్చు. ఆఫీసుకి పిలిచేది మగవాడు, ఇంటికి పిలిచేది ఆడది అని అక్కడివాళ్ళు గుర్తుపెట్టుకుంటారట. ఉపాయం బాగానే ఉంది గానీ, ఆఫీసుకెళ్ళే ఆడదాన్ని ఇంటికి ఎవరు పిలుస్తారో మరి!

మా రైలు సెక్టార్ 11, 12, 13, 14 అంటూ ఎక్కాలు వల్లించింది. అవి దాటాక ద్వారక, నవాదా, ఉత్తమ్ నగర్, జనక్‌పురి. ఆ పైన తిలక్ నగర్, సుభాష్ నగర్, టాగోర్ గార్డెన్. వదిన పలకల మీద పేర్లన్నీ పైకి చదువుతూనే ఉంది. ఇంగ్లీషు కాదు, నాగరి లిపి. పెళ్ళికి ముందు దక్షిణ భారత హిందీ ప్రచార సభ వాళ్ళ పరీక్షల్లో ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష దాకా పాసైంది. ఆ చదువు నలభై ఐదేళ్ళు ట్రంకుపెట్టెలో సర్టిఫికెట్లతోబాటే పడుంది. "చదివింది ఎక్కడికీ పోదే" అంది తనలో తను అనుకుంటున్నట్టు.

రాజౌరీ గార్డెన్‌లో రైలు మారడం గురించి రెండు మాటలు. ఎస్కలేటరు దగ్గర వదిన కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, గోదాట్లోకి దిగుతున్నట్టు "నారాయణా" అని కాలు పెట్టింది. తర్వాతంతా రంగే దారి చూపించింది. గులాబీ రంగు బోర్డు వెంబడి నడిచాం, అంతే. పెద్ద కూడళ్ళలో ఇంకా సుఖం. రాజీవ్ చౌక్‌లో నేలమీద ఏ లైనుకి ఆ రంగు పాదాలు వేశారు. కృష్ణాష్టమికి గుమ్మం నుంచి దేవుడి గది దాకా వేసే చిన్ని పాదాల్లాగే. మెక్సికో నగరంలో 1969లో మెట్రో మొదలైనప్పుడు ఇంకో అడుగు ముందుకు వేశారు. చదవలేనివాళ్ళ కోసం ఒక్కొక్క స్టేషనుకి ఒక్కొక్క బొమ్మ పెట్టారు. చపుల్తెపెక్ అనే స్టేషనుకి మిడత బొమ్మ. ఆ పేరుకి మిడతల గుట్ట అని అర్థంట. 'మిడత దగ్గర దిగు' అంటే చాలు, అక్షరమ్ముక్క రాకపోయినా దిగొచ్చు. నన్నడిగితే రచన గొప్పతనం అక్కడుంది. పండితులకి అర్థమవడంలో ఏముంది!

గులాబీ లైనెక్కాక మాయాపురి, నారాయణా విహార్, ఢిల్లీ కంటోన్మెంట్ అయ్యాయి. వదిన తలుపు పైనున్న చిన్న పటం చదువుతోంది. ఉన్నట్టుండి ఆగిపోయింది. మళ్ళీ చదివింది.

"దుర్... గా... బా... యీ... దేశ్... ముఖ్. ఏమే, మన దుర్గాబాయమ్మేనా?"

మన దుర్గాబాయమ్మే. ఆ స్టేషను పూర్తి పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్. 2018లో తెరిచారు. రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయి. మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టిన దుర్గాబాయి. రాజ్యాంగ సభలో కూచున్న దుర్గాబాయి. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ళని కూచోబెట్టి మెట్రిక్ పరీక్షకి తయారుచేయించిన దుర్గాబాయి.

"దిగుదామే" అంది వదిన.

"మనది ఇంకా మూడు స్టేషన్ల అవతల, వదినా."

"దిగుదాం. వెనకాలే ఇంకో రైలొస్తుందిగా."

దిగాం. బయటికి వెళ్ళలేదు, ప్లాట్‌ఫారం మీదే నించున్నాం. రైలు వెళ్ళిపోయింది. వదిన ఆ పేరు రాసిన పలక ముందు నించుని చాలాసేపు చూసింది. నాకు తెలిసిన కథే. వదినా వాళ్ళమ్మకి పన్నెండో ఏట పెళ్ళి, ఇరవై రెండో ఏట భర్త పోయాడు. అప్పుడు మద్రాసు వెళ్ళి ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ పాసై, టీచరు ట్రైనింగయి, పంతులమ్మ ఉద్యోగం చేసి బిడ్డని పెంచింది. ఆ జీతం డబ్బుల్లోంచే వదిన హిందీ పరీక్షలకి ఫీజు కట్టింది. ఆ హిందీతోనే ఇవాళ వదిన ఈ పలక చదివింది.

కళ్ళు తుడుచుకుని, "అమ్మకి చూపించాల్సింది" అంది, అంతే.

ఇక్కడ విమర్శకురాలిగా నేనొక మాట చెప్పాలి. ఆ గులాబీ లైనులో వరసగా నాలుగు స్టేషన్లు చూడండి. దుర్గాబాయి దేశ్‌ముఖ్. తర్వాత మోతీబాగ్, దానికి ముందు సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య పేరు చేర్చారు. 1908లో మూసీ వరద ముంచేశాక హైదరాబాదుకి వరదల నుంచి రక్షణ ఆలోచించిన ఆయనే. తర్వాత భికాజీ కామా ప్లేస్. 1907లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ సభలో భారతదేశపు జెండా ఎగరేసిన మేడమ్ కామా. ఆ తర్వాత సరోజినీ నగర్. హైదరాబాదులో పుట్టి, గోవిందరాజులు నాయుడుగారిని పెళ్ళాడి మనింటి పేరు పెట్టుకున్న సరోజినీ నాయుడు. నాలుగు స్టేషన్లలో ముగ్గురు ఆడవాళ్ళు! ఇంత మంచి వాక్యం ఢిల్లీలో ఇంకో లైనుమీద ఉందనుకోను. కానీ ఆ వాక్యాన్ని చదివేదెవరు? రైల్లో వినిపించేది పేరూ, తలుపులు ఏవైపో, అంతే. వినగా వినగా పేరు అరిగిపోతుంది. మనిషి పోయి స్టేషను మిగులుతుంది. సరోజిని అంటే ఢిల్లీ పిల్లలకి చవగ్గా బట్టలు దొరికే బజారు, అంతే. మేం మాత్రం ఎందుకు బయల్దేరామంటారు? స్వెట్టర్లకే కదా! పైగా ఈమధ్య కొన్ని స్టేషన్లకి డబ్బిచ్చిన కంపెనీల పేర్లు ముందు తగిలిస్తున్నారు. పుస్తకం అట్టమీద రచయిత్రి పేరుకన్నా ప్రకటన పెద్దగా వేసినట్టుంటుంది.

పటం గురించి మిగిలిపోయిన ఫిర్యాదు కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఈ స్టేషనుకీ, విమానాశ్రయం లైను మీదున్న ధౌలా కువాఁ స్టేషనుకీ మధ్య పటం మీద చిన్న గీతే ఉంటుంది. నిజానికి అది కిలోమీటరుకి పైగా ఉన్న వంతెన. 2019లో వేశారు. మధ్య మధ్య నడిచే పట్టీలున్నాయి గనక కాళ్ళు బతుకుతాయి. ముగ్గులో చుక్కల మధ్య దూరం సమానమే గానీ, మోకాళ్ళ నెప్పులవాళ్ళకి కాదు. పటం గీసేవాళ్ళు ఒకసారి అరవై దాటినవాళ్ళని వెంటబెట్టుకుని నడిస్తే బాగుంటుంది.

తర్వాతి రైలెక్కి సరోజినీ నగర్‌లో దిగాం. బయటికి వెళ్ళే గేటు దగ్గర బిళ్ళని చిన్న కంతలో వెయ్యాలి. వదిన కొంగు ముడి విప్పబోయింది. రాలేదు. దుర్గాబాయమ్మ స్టేషనులో ఆ కొంగుతోనే కళ్ళు తుడుచుకుందేమో, ముడి తడిసి బిగుసుకుపోయింది. వెనకాల వరస పెరుగుతోంది. ఎవరో 'ఆంటీజీ' అంటున్నారు. నాకు కంగారు. గోళ్ళతో ఒకసారి, పళ్ళతో ఒకసారి ప్రయత్నిస్తూ వదిన మాత్రం నింపాదిగా అంది:

"తొందరపెట్టకే. కాకినాడలో నెహ్రూగారంతటివాడే ఆగాడు. వీళ్ళాగలేరూ?"

ఆ కథ మీకూ తెలిసే ఉంటుంది. 1923 కాకినాడ కాంగ్రెసప్పుడు ప్రదర్శనశాల గేటు దగ్గర వాలంటీరుగా నించున్న పద్నాలుగేళ్ళ దుర్గాబాయి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూని లోపలికి వెళ్ళనివ్వలేదు. టిక్కెట్టు కొన్నాకే వదిలింది. నెహ్రూ ఆ పిల్ల నిష్ఠకి మెచ్చుకున్నాడు. గేటంటే ఏమిటో, టిక్కెట్టంటే ఏమిటో తెలిసిన మనిషి పేరు ఒక మెట్రో స్టేషనుకి పెట్టడం ఎంత సబబో ఆ క్షణాన అర్థమైంది నాకు.

ముడి వీడింది. బిళ్ళ కంతలో పడింది. రెక్కలు తెరుచుకున్నాయి. వదిన తల తిప్పకుండా నాకన్నా ముందు బయటికి నడిచింది.

ఇక నా సమీక్ష ముగింపు. ఢిల్లీ మెట్రో రంగుల్లో, గొంతుల్లో నూటికి తొంభై మార్కులకి తగిన రచన. దిక్కులు చెప్పడంలో అన్ని మెట్రోల్లాగే కొంచెం పండితుల భాష. పేర్ల విషయంలో చక్కటి కథలున్న పుస్తకం, కానీ కథ చెప్పకుండా శీర్షికలే చదువుతుంది. మన హైదరాబాదులో 2017 నవంబరులో మెట్రో వచ్చింది, హాయిగా తెలుగులో కూడా చెబుతోంది. తెలుగే కదా అని మనం వినడం మానేశాం. ఈసారి ఎక్కినప్పుడు కొత్తగా వచ్చినట్టు ఒక్కసారి చదివి చూడండి. ఏ మెట్రోకైనా నేను పెట్టే పరీక్ష ఒక్కటే. ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని కోట్లు అని కాదు. జీవితమంతా టిక్కెట్టు ఇంకొకరి జేబులో ఉన్న మనిషి, ఒంటరిగా వెళ్ళి ఒంటరిగా తిరిగి రాగలదా అని.

ఆ పరీక్ష నాలుగు రోజుల తర్వాత జరిగింది. కొన్న స్వెట్టరొకటి మా మనవడికి బిగుతయింది. నాకు జలుబు, చెల్లెలికి ఆఫీసు. "నే వెళ్ళి మార్చుకొస్తాను" అని వదిన లేచింది. మేమంతా వద్దంటే వద్దన్నాం. వినలేదు. సాయంత్రం అయిదున్నరకి తలుపు తట్టింది. చేతిలో కొత్త స్వెట్టరు, ఓ పల్లీపట్టీ పొట్లం.

"దారిలో ఎవర్నైనా అడిగావా వదినా?" అన్నాను ఆత్రంగా.

"నేనెవర్నీ అడగలేదు" అంది చెప్పులు విప్పుతూ. "నన్నే ఇద్దరడిగారు."